బదిలీలతో ఆగిపోని వర్కింగ్ గ్రూప్: స్మార్ట్ సిటీ సాంకేతిక బృందాన్ని తేలికపాటి కట్టుబాట్లతో నడిపే పద్ధతి

వానాకాలానికి ముందు మా బృందం ఒక కల్వర్టు కింద నీటిమట్టం కొలిచే సెన్సర్ పెట్టించింది. కార్పొరేషన్ ఇంజనీర్లు, ఒక ఇంజనీరింగ్ కాలేజీ మాస్టారు, ఆయన విద్యార్థులు, పక్క కాలనీ సంఘం పెద్దలు కలిసి పూనుకుని చేసిన పని అది. రెండు నెలలకు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన ఈఈ గారు మొదటి మీటింగ్‌లోనే ఒక ప్రశ్న అడిగారు: "ఇది ఎవరు పెట్టమన్నారండీ? కాగితం ఉందా?"

కాగితం లేదు. వాట్సాప్ గ్రూపులో ఎక్కడో "ఓకే సార్" అని ఉంది, అంతే. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. రేపు ఆడిట్ వస్తే సమాధానం చెప్పాల్సింది ఆయనే. బిల్లు ఆగింది, సిమ్ రీఛార్జ్ ఆగింది. ఆ సీజనంతా కల్వర్టు దగ్గర నీళ్ళు ఎంత ఎత్తున పారాయో ఎవరికీ తెలియకుండానే పోయింది.

ఇలాంటి బృందాలకు కావలసిన కట్టుబాట్లు చాలా కొద్ది. కానీ ఆ కొద్దీ కాగితం మీద ఉండాలి. మనుషులు మారినా పని సాగేలా ఉండాలి. కార్పొరేషన్‌లో ఐటీ విభాగం చూసేవారికి, కాలేజీల్లో సెన్సర్ల మీద పనిచేసేవారికి, కాలనీ సంఘాల్లో చురుకుగా ఉండేవారికి పనికొచ్చేలా ఆ పద్ధతిని ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను.

ముందుగా: బృందం ఎక్కడ నిలబడుతుంది

స్మార్ట్ సిటీస్ మిషన్ 2015 జూన్ 25న మొదలైంది. దేశం మొత్తం మీద 100 నగరాలు. ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి. తెలంగాణ నుంచి వరంగల్, కరీంనగర్. ప్రతి నగరంలో పనులు చేయడానికి రాష్ట్రం, నగరపాలక సంస్థ సమాన వాటాలతో ఒక ప్రత్యేక కంపెనీ పెట్టాయి. ప్రజాప్రతినిధులు, కలెక్టరు, కాలనీ సంఘాలు కూర్చునే సలహా వేదిక కూడా ఉండాలని మార్గదర్శకాల్లోనే ఉంది. మిషన్ గడువు 2025 మార్చి 31తో ముగిసింది. కమాండ్ కంట్రోల్ సెంటర్లు (నగరం సమాచారాన్ని ఒకేచోట నుంచి చూసే కేంద్రాలు), కెమెరాలు, సెన్సర్లు, వాటి నిర్వహణ ఖర్చులు మాత్రం నగరాల చేతుల్లోనే ఉన్నాయి.

నేను చెప్పే వర్కింగ్ గ్రూప్ ఆ కంపెనీ బోర్డూ కాదు, ఆ సలహా వేదికా కాదు. ఒక సాంకేతిక సమస్యను తీసుకుని, పరీక్షించి, "ఇలా చేయండి" అని రాసి ఇచ్చే చిన్న బృందం. దానికి డబ్బు ఖర్చుపెట్టే అధికారం ఉండదు, టెండర్ ఖరారు చేసే అధికారం ఉండదు. ఈ గీత దాటనంతకాలం తేలికపాటి కట్టుబాట్లు సరిపోతాయి. దాటిన రోజున ఆర్థిక నిబంధనలు, ఆడిట్, విజిలెన్స్ అన్నీ వచ్చి మీద పడతాయి, పడాలి కూడా. అందుకే "మా బృందానికి చిన్న బడ్జెట్ ఇప్పించండి" అని అడగాలనిపించినా అడగకండి. ఖర్చు ఎప్పుడూ సంబంధిత విభాగం ఫైలు మీదే నడవాలి.

మొదటి మెట్టు: ఒక్క సమస్య, ఒక్క పేజీ

"స్మార్ట్ సిటీ టెక్నాలజీ" అని బృందం పెడితే మూడు మీటింగుల్లో చల్లారిపోతుంది. "నాలాల నీటిమట్టం" అని పెడితే నిలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు కాలనీలు మునిగాయి. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు ఊళ్ళోకి వచ్చింది. ఏరు ఒక శాఖది, నగరం లోపలి కాలువలు కార్పొరేషన్‌వి, హెచ్చరిక ఇవ్వాల్సింది మరొకరు. ఏ ఒక్క ఆఫీసూ ఒంటరిగా తేల్చలేని విషయం కాబట్టే ఇలాంటిచోట బృందం అవసరం. ఒకే విభాగం చేసుకోగల పనికి బృందం పెట్టి జనాల టైం తినకండి.

ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ అనే సంస్థ పద్ధతి ఇక్కడ మనకు బాగా పనికొస్తుంది. అక్కడ ప్రతి వర్కింగ్ గ్రూపుకూ ఒక చార్టర్ ఉంటుంది. ఏం చేస్తారు, ఏ మైలురాయి ఎప్పటికి అని అందులో రాసుకుంటారు. పని అయిపోతే గ్రూపును మూసేస్తారు. 1998లో రాసుకున్న ఆ నియమాలు కొద్ది మార్పులతో ఇప్పటికీ నడుస్తున్నాయి.

మన చార్టర్ పేజీలో ముఖ్యంగా ఐదు విషయాలు చాలు. ఉదాహరణకు:

పని: నగరంలో ఎంచుకున్న 6 కల్వర్టుల దగ్గర నీటిమట్టం కొలిచి, కంట్రోల్ రూమ్‌కు నమ్మదగిన అంకె అందేలా పద్ధతి తయారుచేయడం.
చేయనివి: కంపెనీని ఎంపిక చేయడం, కొనుగోలు, నాలా ఆక్రమణల విషయం, కెమెరాలు.
ఇచ్చేవి: సెన్సర్ల స్పెసిఫికేషన్, డేటా నియమాల పేజీ, నిర్వహణ రిజిస్టర్.
ఎవరికి ఇస్తుంది: అదనపు కమిషనర్‌కు.
గడువు: 12 నెలలు. ఆ తేదీ దాటితే బృందం దానంతటదే రద్దు.

"చేయనివి" అన్న వరుసను వదిలేయకండి. నాలా గురించి మాట్లాడగానే ఆక్రమణల ప్రస్తావన వస్తుంది. అది నిజమైన సమస్యే, కానీ దాన్ని తీర్చే శక్తి ఈ బృందానికి లేదు. ఆ మాట ముందే రాసి ఉంటే కన్వీనర్ మర్యాదగా పేజీ చూపించి ముందుకు వెళ్ళగలడు. పేజీ మీద కమిషనర్ సంతకం చేయించి, ఫైలు నంబరు వేయించండి. కొత్తగా వచ్చిన అధికారికి మొదట చూపించాల్సిన కాగితం ఇదే.

రెండో మెట్టు: కుర్చీలు హోదాలకు, వ్యక్తులకు కాదు

సభ్యుల జాబితాలో పేర్లు రాయకండి, హోదాలు రాయండి. "ఈఈ, డ్రైనేజీ", "ఇన్‌చార్జి, కమాండ్ కంట్రోల్ సెంటర్", "అధ్యక్షులు లేక కార్యదర్శి, ఫలానా కాలనీ సంఘం". అప్పుడు మనిషి వెళ్ళినా కుర్చీ ఖాళీ అవదు. ప్రతి కుర్చీకీ ఇద్దరు ఉండాలి: వచ్చే మనిషి, ఆయన రాలేనప్పుడు మాట చెప్పగల మరో మనిషి. తొమ్మిది నుంచి పదకొండు కుర్చీలు చాలు.

ఈ కుర్చీల్లో ఒకటి మాత్రం తప్పనిసరిగా నాలాలోకి దిగే మనిషికి ఇవ్వండి. మా దగ్గర ఒక డ్రైనేజీ కార్మికుడు మొదటిసారి మీటింగ్‌కు వచ్చి, మేం మ్యాపు మీద ఎంచిన చోటు చూసి, "అక్కడ పెడితే ప్లాస్టిక్ అంతా వచ్చి ఆ పిల్లర్‌కే చుట్టుకుంటదండీ, నీళ్ళు లేకపోయినా ఉన్నట్టు చూపిస్తది" అన్నాడు. మేం నెల రోజులు లెక్కలు కట్టి ఎంచిన చోటు అది. వెళ్ళి చూస్తే అతను చెప్పినట్టే ఉంది. ఆ మనిషికి మీటింగ్ రోజు డ్యూటీగా లెక్కవేసేలా ఆర్డర్‌లో రాయించండి. లేకపోతే రెండోసారి రాడు, రాకపోవడం అతని తప్పు కూడా కాదు.

ఇక వెండర్లు. వాళ్ళను పూర్తిగా దూరం పెడితే సరుకు గురించి తెలియదు. దగ్గరికి రానిస్తే స్పెసిఫికేషన్ వాళ్ళ బ్రోచర్‌లా తయారవుతుంది. నేను పాటించే పద్ధతి ఇది: ఏ కంపెనీ అయినా వచ్చి తన పరికరం చూపించవచ్చు, ప్రశ్నలకు జవాబు చెప్పవచ్చు. స్పెసిఫికేషన్ రాసే మీటింగులో మాత్రం ఏ కంపెనీ మనిషీ కూర్చోడు. బృందంలో ఎవరికైనా ఏ కంపెనీతోనైనా జీతం, కన్సల్టెన్సీ, బంధుత్వం ఉంటే మొదటి మీటింగులోనే చెప్పి రాయించాలి. కాలేజీ మాస్టార్లకు ఇది ఇబ్బందిగా అనిపించవచ్చు, ముఖ్యంగా విద్యార్థుల స్టార్టప్ ఉన్నప్పుడు. అయినా చెప్పాలి. ముందే చెప్పుకుంటే అది సమాచారం. తర్వాత ఎవరో బయటపెడితే ఆరోపణ అవుతుంది, మొత్తం టెండరే కోర్టుకెక్కుతుంది.

మూడో మెట్టు: కన్వీనర్ ఒకరు, రాసే మనిషి ఒకరు

కన్వీనర్ ఆరు నెలలకోసారి మారాలి. ఒకసారి కార్పొరేషన్ వైపు నుంచి, ఒకసారి బయటి నుంచి. రాసే మనిషిని మాత్రం ఏడాది పాటు మార్చకండి. మంచి కన్వీనర్ లేకపోయినా బృందం కుంటుకుంటూ నడుస్తుంది, రాసే మనిషి లేకపోతే నడవదు. కాలేజీ నుంచి ఒక పరిశోధక విద్యార్థి దొరికితే అదృష్టం. బాగా రాయగలిగితే చాలు, సీనియారిటీ చూడకండి.

నాలుగో మెట్టు: నిర్ణయాలు ఎలా తీసుకోవాలి

ఎక్కువ బృందాలు ఇక్కడే చెడిపోతాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

అన్ని నిర్ణయాలూ ఒకే బరువు ఉండవు. మూడు రకాలుగా విడదీయండి.

రేపు మార్చుకోగలిగే చిన్న విషయాలు (డ్యాష్‌బోర్డులో రంగు, పరీక్ష తేదీ వంటివి) పని చేసేవాళ్ళే తేల్చుకుని మిగతావాళ్ళకు తెలియజేస్తే చాలు. దీనికి మీటింగ్ వద్దు.

మధ్యరకం విషయాలకు "మౌనం అర్ధాంగీకారం" పద్ధతి. అందరికీ ఉచితంగా సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇచ్చే అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో దీన్ని చాలా ఏళ్ళుగా పాటిస్తున్నారు. ఎవరైనా ప్రతిపాదన రాసి అందరికీ పంపుతారు, సాధారణంగా కనీసం 72 గంటలు ఆగుతారు. ఎవరూ కాదనకపోతే ముందుకు వెళతారు. మన ఆఫీసులకు 72 గంటలు చాలవు. మధ్యలో రెండో శనివారం, ఆదివారం వస్తాయి, ఫీల్డులో ఉన్న ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) మెయిల్ చూడడు. ఏడు పని దినాలు పెట్టండి. కాదనేవాళ్ళు కారణం రాయాలి, వీలైతే దానికి బదులు ఏం చేయాలో కూడా రాయాలి. "నాకు ఎందుకో నచ్చలేదు" అంటే రికార్డు చేయండి, పని మాత్రం ఆపకండి.

మూడో రకం వెనక్కి తీసుకోలేనివి: పౌరుల వివరాలు సేకరించడం, జనానికి హెచ్చరిక మెసేజ్ పంపడం, కార్పొరేషన్‌కు ఖర్చు తెచ్చే సిఫారసు. వీటికి మౌనం చాలదు. మీటింగులో ప్రతి కుర్చీ నుంచీ మాట రావాలి, తర్వాత కమిషనర్‌కు రాతపూర్వకంగా వెళ్ళాలి.

ఓటింగ్ పెట్టకండి. ఐఈటీఎఫ్‌లో ఓట్లు లెక్కపెట్టరు. గదిలో అభిప్రాయం ఎటు ఉందో తెలుసుకోవడానికి అందరినీ నోరు తెరవకుండా "మ్‌మ్" అని గొంతు కలపమంటారు, శబ్దం ఎటు బలంగా ఉందో అధ్యక్షులు వింటారు. ఆ శబ్దంతోనే విషయం తేలిపోదు, చర్చ అక్కడి నుంచి మొదలవుతుంది. ఎంతమంది కాదన్నారన్న లెక్క కన్నా, కాదన్న కారణానికి జవాబు దొరికిందా లేదా అన్నదే చూడాలని 2014లో వాళ్ళు వివరంగా రాసుకున్నారు. ఒక్క మనిషి చెప్పిన కారణమే సరైనదైతే, మిగిలిన పదిమంది ఒప్పుకున్నా ఆగాలి. ఆ డ్రైనేజీ కార్మికుడి మాట అలాంటిదే. ఓటింగ్ పెట్టి ఉంటే పదికి ఒకటితో ఓడిపోయేవాడు.

కానీ ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మన దగ్గర దెబ్బతింటుంది. ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) గారి ముందు ఏఈ "ఇది పనిచేయదు సార్" అనడు. ఆ మౌనం అర్ధాంగీకారం కాదు, భయం. దీనికి నేను చూసిన విరుగుళ్ళు రెండు. ఒకటి, మాట్లాడే వరుస కింది నుంచి పైకి ఉండాలి: ముందు ఫీల్డు సిబ్బంది, తర్వాత ఏఈ, డీఈ (డిప్యూటీ ఇంజనీర్), చివరికి పెద్ద అధికారి. పెద్దాయన ముందే అభిప్రాయం చెప్పేస్తే తర్వాత వినేది ప్రతిధ్వని మాత్రమే. రెండు, అభ్యంతరాలు మీటింగ్‌కు ముందే రాసే మనిషికి పంపవచ్చు, ఆయన పేరు చెప్పకుండా "ఈ ప్రశ్న వచ్చింది" అని చదువుతారు. ఈ రెండోది మొదలుపెట్టిన నెలలోనే మాకు బ్యాటరీల గురించి, దొంగతనాల గురించి అంతకుముందు ఎవరూ నోరెత్తని విషయాలు తెలిశాయి.

ఐదో మెట్టు: నిర్ణయాల రిజిస్టర్

మినిట్స్ ఎవరూ మళ్ళీ చదవరు. నిర్ణయాల రిజిస్టర్ మాత్రం చదువుతారు, అది చిన్నగా ఉంటే. ఒక నిర్ణయానికి ఒక అరపేజీ. మా రిజిస్టర్‌లో ఉన్న ఒకదాన్ని యథాతథంగా చూపిస్తాను.

నిర్ణయం 14. కల్వర్టు దగ్గరి అంకెను ఎలా చూపాలి.
ఏం తేల్చాం: గోడ మీద పెయింటుతో వేసిన ఎర్ర గీత సున్నా. గీతకు పైన నీరు ఎన్ని సెంటీమీటర్లు ఉందో కంట్రోల్ రూమ్‌లో కనిపించాలి. సెన్సర్ పంపిన అసలు అంకెను కూడా మార్చకుండా దాచాలి.
ఎందుకు: సెన్సర్ స్లాబు కింద బిగించి ఉంది. తన నుంచి నీటికి ఉన్న దూరాన్ని పంపుతుంది. నీరు పెరిగితే అంకె తగ్గుతుంది. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళు దాన్ని చూసి నీరు తగ్గుతోందనుకున్నారు.
లెక్క: గీత నుంచి సెన్సర్‌కు 240. సెన్సర్ 150 పంపితే నీరు గీతకు 90 పైన.
అభ్యంతరం: సున్నాను నాలా అడుగున పెట్టాలని మొదటి ప్రతిపాదన. పూడిక తీసినప్పుడల్లా అడుగు మారుతుందని ఏఈ చెప్పారు. అందుకే గీత.
బాధ్యత: వానాకాలానికి ముందు గీత, సెన్సర్ మధ్య దూరాన్ని టేపుతో కొలవడం, వార్డు ఏఈ.
మళ్ళీ చూసేది: ఏడాది తర్వాత.

కొత్త అధికారి "గీత ఎందుకు వేశారు, అడుగు నుంచి కొలవచ్చుగా" అని తప్పకుండా అడుగుతారు. ఈ అరపేజీ ఆయన చేతికిస్తే అదే చర్చ మళ్ళీ మొదటి నుంచి జరగదు. "అభ్యంతరం" వరుసను ఎప్పుడూ కొట్టేయకండి. ఏది వద్దనుకున్నామో, ఎందుకు వద్దనుకున్నామో తెలియకపోతే రెండేళ్ళకోసారి అదే పొరపాటు తిరిగి వస్తుంది.

రిజిస్టర్ ఆఫీసు మెయిల్ ఖాతాలో ఉండాలి, ఎవరి సొంత ఖాతాలోనూ కాదు. తెలుగులో రాయండి. వాట్సాప్‌లో ఎంతైనా మాట్లాడుకోండి, కానీ రిజిస్టర్‌లోకి ఎక్కనిదేదీ నిర్ణయం కాదని మొదటి రోజే అందరికీ చెప్పండి.

ఆరో మెట్టు: డేటా గురించి ఒక పేజీ

సెన్సర్ కొనకముందే ఈ పేజీ రాయాలి. టొరంటోలో ఏం జరిగిందో చూడండి. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన సైడ్‌వాక్ ల్యాబ్స్ అక్కడి నదీతీర ప్రాంతాన్ని సెన్సర్ల నగరంగా మారుస్తామని 2017 అక్టోబరులో ప్రకటించింది. డేటా ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న వెంటనే వచ్చింది. ప్రాజెక్టుకు గోప్యత సలహాదారుగా ఉన్న ఆన్ కవూకియన్ ఏడాదికే, 2018 అక్టోబరులో రాజీనామా చేశారు. డేటా తీసుకునే క్షణంలోనే మనుషుల గుర్తింపులు చెరిపేయాలని ఆమె పట్టుబట్టారు. మిగతా సంస్థలన్నిటినీ దానికి కట్టుబడేలా చేయలేమని తెలిశాక తప్పుకున్నారు. 2020 మే నెలలో కంపెనీ ప్రాజెక్టునే వదిలేసింది. అందుకు చెప్పిన కారణం ఆర్థిక అనిశ్చితి. కానీ అప్పటికి రెండేళ్ళకు పైగా జనం అడుగుతూ వచ్చింది డేటా గురించే.

మన పేజీలో రాయాల్సినవి: ఏం సేకరిస్తాం, ఎందుకు, ఎవరు చూడొచ్చు, ఎన్నాళ్ళు ఉంచుతాం, కంపెనీ వెళ్ళిపోతే ఏమవుతుంది. చివరి ప్రశ్నకు జవాబు కాంట్రాక్టులోకి ఎక్కాలి: డేటా కార్పొరేషన్‌ది, అందరికీ తెలిసిన ఫార్మాట్‌లో అడిగినప్పుడల్లా ఇవ్వాలి, ఏపీఐకి (వేరే సాఫ్ట్‌వేర్ ఆ డేటాను నేరుగా తీసుకునే దారికి) విడిగా డబ్బు అడగకూడదు. బార్సిలోనా తన సెన్సర్ల కోసం సెంటిలో అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) వేదికను తయారు చేయించుకుంది. మన దేశంలో బెంగళూరు ఐఐఎస్‌సీ, కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ కలిసి నగరాల డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి ఐయూడీఎక్స్ పెట్టాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ తన క్యాంపస్‌లోనే స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్ (నిజమైన పరిసరాల్లోనే పరికరాలను పరీక్షించే చోటు) నడుపుతోంది. కొత్తగా ఫార్మాట్ కనిపెట్టే ముందు వీటిని చూడండి.

నీటిమట్టానికి మనిషి వివరాలతో సంబంధం లేదు కాబట్టి పేజీ సులువుగా అయిపోతుంది. కెమెరా, ఫోన్ నంబరు, ఇంటి మీటరు వస్తే మాత్రం 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని చూసుకోవాలి. అప్పుడు కార్పొరేషన్ న్యాయ విభాగం లేకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

ఏడో మెట్టు: మీటింగులు

రెండు వారాలకోసారి, 45 నిమిషాలు. ఎజెండా రెండు రోజుల ముందు. ప్రతి మూడో మీటింగు గదిలో కాకుండా నాలా దగ్గర. సాయంత్రం పెడితే కాలనీవాళ్ళు రాగలరు, ఉదయం పెడితే ఫీల్డు సిబ్బంది రాలేరు. చర్చ తెలుగులో సాగాలి, లేకపోతే సగం కుర్చీలు ఖాళీగా ఉన్నట్టే.

ఎంతకీ తెగని తగాదా వస్తే మూడో మీటింగుకు లాగకండి. రెండు పక్షాలూ చెరో అరపేజీ రాసి అదనపు కమిషనర్‌కు పంపాలి, ఆయన పది రోజుల్లో తేల్చాలి. ఈ మాట కూడా చార్టర్‌లో ఉండాలి.

ఎనిమిదో మెట్టు: అప్పగింత

బదిలీ ఆర్డర్ వచ్చాక వెళ్ళే మనిషికి రెండు రోజులు కూడా దొరకవు. అందుకని అప్పగింత కాగితాన్ని ఎప్పుడూ సిద్ధంగా ఉంచి, మూడు నెలలకోసారి దిద్దుతూ ఉండాలి. దాంట్లో పెద్ద పెద్ద విషయాల కన్నా చిన్నవే ముఖ్యం. ఏ సెన్సర్‌లో ఏ సిమ్ ఉంది, రీఛార్జ్ తేదీ ఎప్పుడు, ఏ పద్దు నుంచి కడతారు, బ్యాటరీ ఎప్పుడు మార్చారు, పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంది, డ్యాష్‌బోర్డు పాస్‌వర్డ్ ఏ ఆఫీసు ఖాతా మీద ఉంది. మా సెన్సర్లు రెండుసార్లు మూగబోయాయి. ఒకసారి కారణం సిమ్, ఇంకోసారి సెన్సర్ ముందు సాలీడు కట్టిన గూడు. రెండూ ఇప్పుడు ఆ కాగితంలో ఉన్నాయి. నెలకోసారి తుడవాలని, ఎవరు తుడవాలో కూడా రాసి ఉంది.

కొత్త అధికారి వచ్చిన మొదటి వారంలోనే కన్వీనర్, రాసే మనిషి వెళ్ళి కలవాలి. అరగంట చాలు. చార్టర్, రిజిస్టర్, అప్పగింత కాగితం చేతిలో పెట్టి, "మీకు అభ్యంతరం ఉన్న నిర్ణయం ఏదైనా ఉంటే చెప్పండి, మళ్ళీ చర్చిద్దాం" అని అడగండి. అలా అడిగితే ఆయన కూడా బృందంలో మనిషి అవుతారు. చెప్పకుండా నడిపిస్తే ఫైలు ఆపుతారు.

తొమ్మిదో మెట్టు: మూసివేత

గడువు తేదీకి నెల ముందు ఒకే ఎజెండాతో కూర్చోండి: పని అయిందా? అయితే రిజిస్టర్, స్పెసిఫికేషన్, నిర్వహణ కాగితాలు డ్రైనేజీ విభాగానికి అప్పగించి, తీసుకున్నట్టు సంతకం తీసుకోండి. కాకపోతే మిగిలిన పని ఏమిటో కొత్త చార్టర్ రాయండి, పాతదాన్ని పొడిగించకండి. కొత్త పేజీ రాయాల్సి వస్తే అవసరం లేని పనులు వాటంతటవే రాలిపోతాయి. ఆసక్తి తగ్గిన సభ్యులకు మర్యాదగా తప్పుకునే వీలు కూడా దొరుకుతుంది.

ఈ పద్ధతిలో నడిచిన మా నాలా బృందం పన్నెండో నెలలో మూతపడింది. చివరి మీటింగ్ కల్వర్టు దగ్గరే పెట్టుకున్నాం. వార్డు ఏఈ టేపు పట్టుకుని గీత నుంచి సెన్సర్‌కు దూరం కొలిచారు. 240కి బదులు 238 వచ్చింది, బ్రాకెట్ కొంచెం వంగింది. రిజిస్టర్‌లో 14వ నిర్ణయం కింద తేదీ వేసి ఆ అంకె రాసి సంతకం చేశారు.